అత్తయ్య కాటా ఎక్కిన రోజు

ఆదివారం పొద్దున పది గంటలకి ఆ ఇంట్లో సంగతులు ఎక్కడ ఆగి ఉన్నాయో ముందు చెప్పుకోవాలి.

పాపకి ఎనిమిదో నెల. రిజిస్టర్‌లో రాయించిన పేరు ఒకటుంది కానీ తండ్రి పెట్టిన ముద్దుపేరే ఖాయమైంది: గ్రాము. తండ్రిది తూనికలు కొలతల ఆఫీసులో ఉద్యోగం. దుకాణాల్లో కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం ఆయన పని. వీధిలో అందరూ ఆయన్ని తూకాలాయన అనే అంటారు. తల్లి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. మైనంలో పళ్ళని ఒక్కొక్కటిగా నిలబెట్టి, పక్క పంటికి రంగు కలిసిందో లేదో కిటికీ దగ్గర వెలుతురులో చూసుకునే పని. ఇద్దరూ వెంట్రుకవాసి తేడాని సహించని మనుషులే. అందుకే తేడాలొస్తే వెంట్రుకవాసితో ఆగవు.

ఈసారి తేడా పాప తిండి దగ్గర వచ్చింది. సీసాల్లో అమ్మే పిల్లల తిండి పెడితే తప్పేమిటని ఆమె. మూత తీసి చెంచాతో పెట్టెయ్యచ్చు. లోపల ఏముందో పైన రాసి ఉంటుంది. రాసినదంతా ఆమె చివరి అక్షరం దాకా చదివింది కూడా. వండి గంట దాటితే అది తిండి కాదు, సరుకు అని ఆయన. నెలరోజుల క్రితం ఒక ఒప్పందానికి వచ్చారు. ముప్పై రోజులు ఇంటి తిండే పెట్టాలి. పాప మూడు వందల గ్రాములు పెరిగితే ఇంటి తిండి గెలిచినట్టు. పెరగకపోతే సీసాలు గెలిచినట్టు. ఓడినవాళ్ళు మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు.

ఆ ముప్పై రోజులూ తూకాలాయన తెల్లవారకముందే లేచాడు. క్యారెట్, బంగాళాదుంప, ఒకనాడు గుమ్మడి ముక్క ఉడికించి, మెత్తగా చేసి, నూట ఇరవై గ్రాముల చొప్పున రెండు గిన్నెల్లో పెట్టి ఆఫీసుకి వెళ్ళేవాడు. గంట దాటిందని ఎవరైనా అంటే, తను వండిన దానికి ఆ లెక్క వర్తించదనేవాడు. పగలంతా పాపని చూసుకునేది ఆయన తల్లి, అంటే అత్తయ్య. "ముగ్గురు పిల్లల్ని ఒక్క సీసా మూత తీయకుండా పెంచాను" అని పాలాయనతో సహా అందరికీ చెప్పిన మనిషి. రోజూ సాయంత్రానికి గిన్నెలు రెండూ తళతళలాడుతూ కనిపించేవి.

చిక్కల్లా ఒక్కటే. రేపు సోమవారం నుంచి ఆయనకి కూరగాయల మార్కెట్ తనిఖీ డ్యూటీ. తెల్లవారే సరికి అక్కడ ఉండాలి. అత్తయ్య మోకాళ్ళు పొయ్యి దగ్గర నిలబడనివ్వవు. కాబట్టి ఇంటి తిండి గెలిస్తే ఎవరో ఒకరు సగం పూట పనికి మారాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది ఒప్పందం రోజున ఎవరూ నోటితో అనలేదు. అనకుండానే ఆమెకి అర్థమైంది.

పోయిన వారం ల్యాబ్ మేడం ఆమెని పిలిచి, "నేను రెండో ల్యాబ్ తెరుస్తున్నాను. ఇక్కడ తాళాలు నీకిచ్చి వెళ్తాను. కానీ పూర్తి పూట ఉండేవాళ్ళే కావాలి. ఆదివారం పదకొండులోగా చెప్పు" అంది. పన్నెండేళ్ళ పని తర్వాత వచ్చిన తాళాల గుత్తి అది.

ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు.

*

తూకాలాయన బల్ల మీద చిన్నపిల్లల కాటా పెట్టి, ఇత్తడి తూకపు రాళ్ళ పెట్టె తెరిచాడు. కిలో రాయిని వేళ్ళు తగలకుండా మెత్తటి గుడ్డతో ఎత్తి పళ్ళెంలో పెట్టి, అంకెలు చూసి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఒరేయ్, తూస్తున్నది పిల్లనా, బంగారాన్నా?" అంది అత్తయ్య సోఫాలోంచి.

"బంగారానికైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదమ్మా."

కోడలు గ్రాము బట్టలన్నీ విప్పి తీసుకొచ్చింది. ఒక్క కాలికి మాత్రం మేజోడు ఉండిపోయింది.

"అది కూడా తీసెయ్. పదకొండు గ్రాములు."

"మేజోడు కూడా తూచారా?"

"రెండోది కూడా తూచాను. అది పన్నెండు."

గ్రాము పళ్ళెంలో కూర్చుని నాన్న మొహంలోకి చూసి, రెండు పళ్ళూ చూపించి నవ్వి, అదే నవ్వుతో పళ్ళెం తడిపేసింది.

"ఇది నా లెక్కలోకా, మీ ఇంటి తిండి లెక్కలోకా?" అంది ఆమె గుడ్డ అందిస్తూ.

"ఆ లెక్క నువ్వెత్తకు. మళ్ళీ సున్నా చూసుకోవాలి." ఆయన పాపని భార్య చేతికిచ్చి, పళ్ళెం తుడిచి, కిలో రాయితో పరీక్ష మొదటినుంచీ మొదలుపెట్టాడు. కాటాని కూడా నమ్మని మనిషి ఆయన.

చివరికి అంకెలు నిలబడ్డాయి. ఆయన వంగి చూశాడు. ఎడమ నుంచి చూశాడు. కుడి నుంచి చూశాడు. పుస్తకం తెరిచి నెలనాటి అంకె పక్కన రాశాడు.

"అప్పుడు ఏడు కిలోల నాలుగు వందల అరవై. ఇప్పుడు ఏడు కిలోల ఎనిమిది వందలు." గొంతు సర్దుకున్నాడు. "మూడు వందల నలభై పెరిగింది."

గ్రాము తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది.

ఆమె ఓడిపోయినా శుభ్రంగా ఓడిపోయే మనిషి. "బావుంది. నలభై ఎక్కువే వచ్చింది" అంది. పాపకి చొక్కా తొడిగి, బొత్తాలు మూడూ పెట్టి, దుప్పటి మీద కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఫోన్ తీసుకుంది. ల్యాబ్ మేడం నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల వేరే కాల్‌లో ఉన్నారని వినిపించింది. ఫోన్ బల్ల మీద పెట్టేసి, అది మళ్ళీ మోగుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, మేడంకి చెప్పేస్తున్నావా?" అంది అత్తయ్య.

"చెప్పాలిగా అత్తయ్యా. పదకొండులోగా అన్నారు."

"రానని చెప్తావా?"

"ఇంకేం చెప్తాను?"

"ఒక్క నిమిషం, నేను..." అని తూకాలాయన ఏదో అనబోయాడు.

"నువ్వుండరా" అని అత్తయ్య సోఫా చేతుల మీద బలం వేసి లేచింది. మోకాళ్ళు రెండూ పటపటమన్నాయి. గది మూల, తూకాలాయన మరమ్మతుకని తెచ్చుకున్న పెద్ద కాటా ఉంది. బస్తాలు తూచేది. దాని దగ్గరికి నడిచి, చెప్పులు విడిచి, "నన్ను కూడా తూయి" అంది.

ఆయన ఆశ్చర్యపోయాడు. ఒప్పందం మొదటి రోజున సరదాకి ఇంట్లో అందర్నీ తూచాడు. అరవై ఒక్క కిలోల నాలుగు వందలని విన్న అత్తయ్య, మళ్ళీ ఆ రేకు మీద కాలు పెట్టనని ఒట్టేసుకుంది. ముప్పై రోజులుగా ఆ కాటా పక్కనుంచి నడవాల్సి వస్తే గోడ వైపు తిరిగి నడిచేది.

"ఇప్పుడెందుకమ్మా?"

"తూయమంటే తూయి. నీకు నోటితో చెప్తే ఎక్కదు. అంకెలైతే ఎక్కుతుంది."

అత్తయ్య కాటా మీద నిలబడింది. అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. ఆయన చూసి, "దిగమ్మా" అన్నాడు. ఆమె దిగింది. ఆయన పది కిలోల రాళ్ళు రెండు తెచ్చి పెట్టి చూశాడు. ఇరవై చూపించింది. "మళ్ళీ ఎక్కు." మళ్ళీ ఎక్కింది. అదే అంకె.

"అరవై మూడు కిలోల ఏడు వందలు" అన్నాడు నీరసంగా. "రెండు కిలోల మూడు వందలు పెరిగావు. అమ్మా, ఒంట్లో నీరు పట్టిందేమో. రేపు డాక్టరు దగ్గరికి..."

"నీరు కాదు నాన్నా."

"మరి?"

"క్యారెట్."

కోడలికి ముందు అర్థమైంది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకి ఇంకా అందలేదు.

"ఏమండీ" అంది ఆమె నెమ్మదిగా, "ఒక దుకాణంలో సరుకు తగ్గితే ఇంకో చోట తేలాలి అంటారు కదా మీరు. ఇదిగో, తేలింది."

తూకాలాయన తల్లిని చూశాడు. పాపని చూశాడు. మళ్ళీ తల్లిని చూశాడు.

"రోజుకి రెండు వందల నలభై" అన్నాడు గొణుగుతున్నట్టు. "ముప్పై రోజులకి ఏడు కిలోల రెండు వందలు. అమ్మా! అంతా నువ్వే తిన్నావా?"

"అరవకు. పిల్ల జడుసుకుంటుంది." అత్తయ్య మళ్ళీ సోఫాలో కూర్చుని మోకాళ్ళు రాసుకుంది. "మొదటి రోజు ఉమ్మింది. అలవాటు లేదు, సరే అనుకున్నా. రెండో రోజు నా మొహాన ఉమ్మింది. కళ్ళద్దాలు కడుక్కున్నా. మూడో రోజు చెంచా చూడగానే మూతి బిగించింది. పాట పాడాను, కాకిని చూపించాను, నేనే పిల్లినయ్యాను. తెరిస్తేనా! నాలుగో రోజు పిల్లల బండిలో కూర్చోబెట్టుకుని వీధి చివర మందుల షాపు దాకా వెళ్ళి, అక్కడే బెంచీ మీద కూర్చుని, ఒక సీసా మూత తీశాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది? నీ కూతురు చెంచా కూడా మింగేసేలా ఉంది."

"నాకు చెప్పచ్చు కదమ్మా!"

"ఏమని చెప్పను? ముగ్గురు పిల్లల్ని పెంచిన చేతి ముందు ఎనిమిది నెలల పిల్ల మూతి బిగించిందని చెప్పనా? పాలాయనకి ఏ మొహంతో గిన్నె పట్టను?"

"మరి నేను వండింది పారెయ్యాల్సింది!"

"తెల్లారకుండా లేచి నువ్వు చేత్తో మెదిపింది పారేస్తే నా కళ్ళు పోవూ? అందుకే తిన్నాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. చిన్నపిల్లాడి గొంతుతో, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఉప్పు లేదు."

"పసిపిల్లలకి ఉప్పు వెయ్యకూడదమ్మా."

"నేను పసిపిల్లనా? వేసుకున్నాను. కాస్త మిరియాలపొడి కూడా."

"మరి ఖాళీ సీసాలు ఏమయ్యాయి?" అంది కోడలు. ఎంత నవ్వొస్తున్నా లెక్క తేలకపోతే ఆమెకి తోచదు.

"కింద దర్జీకి ఇచ్చాను. బొత్తాలు వేసుకోడానికి."

తూకాలాయన తల పట్టుకున్నాడు. మొన్ననే చొక్కా బొత్తాం ఊడితే దర్జీ దగ్గరికి వెళ్ళి, రంగు రంగుకీ ఒక్కో సీసా వరసగా పెట్టుకున్న ఆ శుభ్రత చూసి, మనిషంటే ఇలా ఉండాలని పావుగంట మెచ్చుకుని వచ్చాడు.

అయినా నిజాయితీ గల మనిషి. పుస్తకం తీసి, ఇందాక రాసిన గీత కొట్టేసి, కొత్తగా రాసి భార్యకి చూపించాడు. 'సీసా తిండి: పాప, మూడు వందల నలభై. ఇంటి తిండి: అమ్మ, రెండు వేల మూడు వందలు.' కింద సంతకం, తేదీ.

"నువ్వు గెలిచావు" అన్నాడు.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఈలోగా పాప కాళ్ళకి రాయడం మొదలుపెట్టిన నూనె ఆమె చేతినిండా ఉంది. మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"ఏమ్మా, ఫోన్ చేశావా?" అంది ల్యాబ్ మేడం గొంతు.

"అవును మేడం, ఆ తాళాల సంగతి..."

"దానికి మళ్ళీ ఫోన్ ఎందుకు? మీవారు గురువారమే చెప్పారుగా!"

అత్తయ్య కొడుకు వైపు తిరిగి, చూపుతోనే చెవి మెలిపెట్టింది. ఆమె మాత్రం చూడలేదు. ఫోన్ కేసి చూస్తూ, "ఏం చెప్పారు మేడం?" అంది.

"మా ల్యాబ్ కాటా తనిఖీకి వచ్చారు. అడిగాను. తాళాలు నీకే ఇమ్మన్నారు. ఇంట్లో సంగతి తను చూసుకుంటానన్నారు. రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్యమ్మా. ఆ మైనం పెట్టె కూడా మూలపడింది, సర్దాలి." ఫోన్ ఆగిపోయింది.

"నన్ను అడక్కుండా?" అంది ఆమె.

"ఎవరో ఒకరు సగం పూటకి మారాలనుకున్నాం కదా" అన్నాడు ఆయన. "ఎవరనుకున్నావు?"

"ఎవరనుకుంటాను? మీరు మాత్రం అన్నారా?"

"తూకం కాకుండా ఫలితం చెప్పడం నాకు అలవాటు లేదు."

"మేడంకి చెప్పారుగా?"

"ఆవిడకి చెప్పింది ఫలితం కాదు. ఏ ఫలితం వచ్చినా నువ్వు వెళ్తావని చెప్పాను. ఇందాక చెప్పబోతుంటే అమ్మ కాటా ఎక్కింది."

ఆమెకి కోపమూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తెలియక పాప కాలికి నూనె రాస్తూ కూర్చుంది. రాసిన కాలికే మళ్ళీ రాసింది.

"ఆ ఒక్క మాట నెల ముందు చెప్పి ఉంటే, పూటపూటకీ ఆ గిన్నెలు చూసి గుండెలు బాదుకునేదాన్ని కాదు" అంది చివరికి. "సరేలెండి. సీసాలే గెలిచాయి. ఇక మీరూ మారక్కర్లేదు. అత్తయ్య ఎలాగూ పెడుతూనే ఉన్నారు."

"ఆగండాగండి" అంది అత్తయ్య. "సీసా మూత తీయమంటే తీస్తాను. కానీ అదిగో, చూడండి."

అందరూ చూశారు. దుప్పటి ఖాళీగా ఉంది. నూనె కాళ్ళతో గ్రాము అప్పుడే బల్ల కిందినుంచి వంటింటి గుమ్మం దాకా పాకిపోయింది.

"ఈ వారం నుంచి ఇదీ వరస. దాని వెనకాల పరుగెత్తడం ఈ మోకాళ్ళతో నా వల్ల కాదు. పొద్దుటిపూట ఒక మనిషి ఇంట్లో ఉండాల్సిందే. లేకపోతే కోడలు తాళాలు తెచ్చుకోకూడదు. అంతే."

"అయితే అర్జీ పెట్టాలి" అంది ఆమె పాపని ఎత్తుకొస్తూ.

"శుక్రవారమే పెట్టాను" అన్నాడు ఆయన. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె ఆ చెవులు ఎర్రబడటం రెండుసార్లే చూసింది. రెండుసార్లూ ఇంటికి ప్రమాదమే వచ్చింది.

"పాపకి తిండి పెట్టాలి, సగం పూట ఇవ్వండి అని రాశారా?"

"అలా రాస్తే మా ఆఫీసులో నవ్వుతారు. ఇవ్వరు."

"మరి ఏమని రాశారు?"

ఆయన తల్లి వైపు చూడకుండా తల్లిని చూపించాడు. "అమ్మకి ఒంట్లో బాగాలేదని."

"నాకా!"

"తిండి సహించడం లేదని. ముద్ద దిగడం లేదని. రోజురోజుకీ చిక్కి శల్యమైపోతోందని."

అత్తయ్య తన బుగ్గలు తనే తడుముకుంది. కోడలు గోడకి ఆనుకుంది. నవ్వుకి కాదు, భయానికి.

"సంతకమైందా?"

"మా ఆఫీసు పెద్దసారు చాలా బాధపడ్డారు. అమ్మగారిని కళ్ళారా చూశాక సంతకం పెడతానన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"ఇవాళే. పదకొండున్నరకి."

గడియారంలో పదకొండుంపావు. పెద్దసారు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు మార్కెట్లలో తిరిగిన మనిషి. బస్తాని కంటితో చూసి బరువు చెప్తే కాటా కూడా అదే చెప్తుంది. ఇటో అటో పావుకిలో.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదండీ?"

"కాస్త పడుకోమంటే సరిపోతుందనుకున్నాను. అమ్మ నేను వండిందంతా తిని ఇలా పెరిగిందని నాకేం తెలుసు?"

ఇక మాటలకి టైము లేదు. ఆమె పాపని భర్త చేతిలో పెట్టింది. పరుపు దులిపింది. అత్తయ్యని పడుకోబెట్టి దుప్పటి గడ్డం దాకా కప్పింది. మెడ దాకా బాగానే ఉంది. ఆపైన బుగ్గలు మాత్రం నున్నగా, గుండ్రంగా, నెల రోజుల గుమ్మడీ క్యారెట్టూ కలిసి ముద్ర వేసినట్టు మెరుస్తున్నాయి.

"లోపలికి పీల్చుకోండి అత్తయ్యా."

అత్తయ్య పీల్చుకుంది. మూడు లెక్కపెట్టేసరికి బుగ్గలు యథాస్థానానికి వచ్చేశాయి.

కింద స్కూటర్ ఆగింది. "మేడ మీదే సార్" అంటున్నాడు దర్జీ. "పెద్దావిడా? ఎంత హుషారు మనిషండీ! నిన్న కూడా..." ఆ తర్వాతి మాట కుట్టుమిషన్ చప్పుడులో కలిసిపోయింది. మెట్ల మీద బూట్లు వినిపించాయి.

అత్తయ్య కళ్ళు కోడలి వైపు తిరిగాయి. అంతకుముందు ఎన్నడూ అడగనిది అడుగుతున్నట్టు, "అమ్మాయ్, పళ్ళు తీసేస్తే?" అంది.

ఆ కట్టుడు పళ్ళు కోడలే చేసింది. పైవరసా కిందివరసా, ఆమె చేసిన వాటిల్లోకెల్లా మంచి జత. ఆమె చెయ్యి చాపింది. అత్తయ్య ఒక్కొక్క వరసా తీసి ఆ చేతిలో పెట్టింది. పెట్టగానే బుగ్గలు రెండూ గుంటలు పడ్డాయి, పెదాలు లోపలికి పోయాయి, పదేళ్ళు మీద పడ్డాయి. కోడలు ఆ జతని కొంగున మూటగట్టి గుప్పిట్లో దాచుకుంది.

పెద్దసారు లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. మొహం నుంచి పాదాల దాకా ఒకసారి, పాదాల నుంచి మొహం దాకా ఒకసారి చూశాడు. పాదాల దగ్గర కాస్త ఎక్కువసేపే చూశాడు. నుదురు ముడిపడింది.

"మొహం చూస్తే యాభై కిలోలు కూడా ఉండరమ్మా" అన్నాడు మెల్లగా. "మంచం వంగిన తీరు చూస్తే..."

మాట పూర్తి చెయ్యకుండా భుజాన ఉన్న సంచి దించి, అందులోంచి కొత్త కాటా ఒకటి తీసి నేల మీద పెట్టాడు.

"మా ఇంటినుంచి మీకు కానుక, రోజూ బరువు చూసుకోడానికి. మీ అబ్బాయి అర్జీ మీద ఇవాళ్టి బరువు రాసి సంతకం పెడతాను. లేవగలరా అమ్మా? నాయనా, అటు పట్టుకో."